ఆవిరి లెక్క: చేపల క్యానరీల్లో ఇంధన పొదుపు గడచిన దారి

చేపను రేకు డబ్బాలో పెట్టి, గాలి చొరబడకుండా మూసి, మూసిన తరువాత డబ్బాతో సహా వేడిచేసి ఏళ్ళ తరబడి చెడకుండా నిలిపే పద్ధతికి రెండు వందల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రను సాధారణంగా యంత్రాల కథగానో, నౌకాదళాల తిండి కథగానో, రేవు పట్టణాల కార్మికుల కథగానో రాస్తుంటారు. దానినే ఇంధనం వైపు నుంచి చదివితే మరొక క్రమం బయటపడుతుంది. డబ్బా లోపల ఏం జరుగుతున్నదో తెలియని కాలంలో భయం కొద్దీ ఎక్కువ నిప్పు కాల్చారు. తెలిసివచ్చిన ప్రతిసారీ ఆ నిప్పు తగ్గింది. క్యానరీలలో, అంటే డబ్బా చేపల కర్మాగారాలలో, ఇంధన పొదుపు అనేది కర్బన ఉద్గారాల చర్చతో నిన్న మొన్న పుట్టినది కాదు. ఆ పరిశ్రమ తన పని తాను అర్థం చేసుకుంటూ వచ్చిన కొద్దీ అది తోడుగా వచ్చింది; అర్థం చేసుకోవడం ఆగిన చోట అదీ ఆగింది.

పద్ధతికి ఆద్యుడు ఫ్రాన్సుకు చెందిన మిఠాయి వ్యాపారి నికొలా అపేర్. ఆహారాన్ని గాజు సీసాలలో నింపి, బిరడా బిగించి, మరిగే నీటిలో చాలాసేపు ఉంచితే అది చెడదని ఆయన ప్రయోగాలతో నిరూపించాడు. 1810లో ఫ్రెంచి ప్రభుత్వం ఆయనకు 12,000 ఫ్రాంకుల పారితోషికం ఇచ్చి, ప్రతిగా పద్ధతిని పుస్తకంగా అచ్చువేయించింది. అదే ఏడు ఇంగ్లండులో పీటర్ డ్యురాండ్ గాజుకు బదులు తగరపు పూత పూసిన ఇనుప డబ్బాకు పేటెంటు తీసుకున్నాడు. ఆహారం ఎందుకు చెడుతుందో, వేడి దానిని ఎలా కాపాడుతుందో ఈ ఇద్దరిలో ఎవరికీ తెలియదు. సూక్ష్మజీవుల పాత్రను లూయీ పాశ్చర్ నిర్ధారించడానికి ఇంకా అర్ధ శతాబ్దం ఉంది. కారణం తెలియకుండానే ఫలితం చేతికొచ్చిన విద్య కనుక, ఎంత వేడి చాలునన్న ప్రశ్నకు అప్పట్లో జవాబు లేదు. ఎక్కువసేపు మరిగించడమే క్షేమమని అందరూ అనుకున్నారు.

ఈ విద్య చేపలకు పూర్తిస్థాయి పరిశ్రమగా మారినది ఫ్రాన్సు పశ్చిమ తీరంలోని నాంత్ నగరంలో. అక్కడ జోసెఫ్ కొలాఁ 1820లలో సార్డీన్ చేపలను డబ్బాల్లో పెట్టే కర్మాగారం నెలకొల్పాడు. సార్డీన్లు మన తీరంలో కవళ్ళని పిలిచే జాతికి దగ్గరి బంధువులు. బ్రెతాఁ తీరమంతటా త్వరలోనే పాకిపోయిన ఆ పద్ధతిలో తల, పేగులు తీసిన చేపను ఉప్పునీటిలో ఊరవేసి, తీగల జల్లెడల మీద పరచి ఆరుబయట గాలికి, ఎండకు ఆరబెట్టి, తరువాత నూనెలో వేయించి, డబ్బాలో పేర్చి, మళ్ళీ నూనె పోసి, మూతను టంకంతో అతికి, చివరకు మరిగే నీటి తొట్లలో ఉడికించేవారు. ఇందులో ఆరబెట్టే దశను ప్రత్యేకంగా గమనించాలి. చేపలోని తేమను తొలగించడం ఈ మొత్తం పనిలో అత్యధిక వేడిని కోరే అంశాలలో ఒకటి. ఆ భారాన్ని తొలినాటి కర్మాగారాలు తీరపు గాలికి అప్పగించాయి. తరువాతి కాలంలో వాన రోజులకూ రాత్రి పనికీ అనువుగా ఉంటుందని ఆవిరి పెట్టెలూ వేడిగాలి గదులూ వచ్చినప్పుడు ఉత్పత్తి పెరిగింది. అంతకు ముందు పైసా ఖర్చు లేని శక్తి చేసిన పని బొగ్గు ఖాతాలోకి మారింది. అభివృద్ధి అని పేరు పొందిన ప్రతి మార్పూ పొదుపు కాదనడానికి ఇది తొలి ఉదాహరణ.

మరిగే నీటికి ఒక హద్దు ఉంది. తెరచిన తొట్టిలో ఎంత మంట పెట్టినా నీరు 100 డిగ్రీలు దాటదు. అదనంగా కాల్చిన కట్టె, బొగ్గు అంతా ఆవిరై గాలిలో కలుస్తుంది. డబ్బాలను గంటల తరబడి ఉడికించవలసి రావడానికి మూలకారణం ఈ హద్దే. 1860 ప్రాంతంలో అమెరికాలోని బాల్టిమోర్ క్యానరీలు దానిని ఒక ఉపాయంతో దాటాయి. ఐజక్ సాలమన్ అనే వ్యాపారి నీటిలో కాల్షియం క్లోరైడ్ అనే లవణాన్ని కలిపితే అది 115 డిగ్రీల దాకా వేడెక్కుతుందన్న సంగతిని తొట్లలో అమలుపెట్టాడు. అప్పటిదాకా ఐదారు గంటలు పట్టిన పని గంటలోపే ముగిసింది. కాని డబ్బా లోపలి పీడనం పెరుగుతుండగా బయట దానిని అదిమిపట్టే పీడనం లేకపోవడం వల్ల డబ్బాలు పగిలి, మరుగుతున్న ద్రవం కార్మికుల మీద చిమ్మేది.

దీనికి పరిష్కారం మూత ఉన్న పీడనపాత్ర. ఆవిరిని బయటకు పోనీయకుండా బంధిస్తే పీడనంతో పాటు ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. ఇంటి ప్రెషర్ కుక్కర్ పనిచేసేది ఈ సూత్రం మీదనే. ఫ్రాన్సులో అపేర్ వారసుడు రేమోఁ షెవాలియే-అపేర్ 1852లో పీడనమాపకం బిగించిన పాత్రకు పేటెంటు పొందగా, బాల్టిమోర్‌లో ఆండ్రూ ష్రైవర్ 1874లో క్యానరీలకు అనువైన పాత్రను రూపొందించాడు. ఈ పాత్రనే పరిశ్రమలో రిటార్ట్ అంటారు. వాతావరణ పీడనానికి అంతే పీడనం అదనంగా తోడైతే ఆవిరి దాదాపు 121 డిగ్రీలకు చేరుతుంది. ఆ 21 డిగ్రీల తేడా విలువ ఎంతటిదో ఆనాడు ఎవరూ లెక్క కట్టలేదు. ఆ లెక్క తేలడానికి మరో యాభై ఏళ్ళు పట్టింది. ఆ యాభై ఏళ్ళలో జరిగిన పని ఇంధన చరిత్రలో మరే యంత్రం కంటే ముఖ్యమైనది.

1890లలో బోస్టన్‌కు చెందిన అండర్‌వుడ్ కంపెనీలో కొన్ని డబ్బాలు ఉబ్బి చెడిపోతుండగా, ఆ కుటుంబానికి చెందిన విలియం లైమన్ అండర్‌వుడ్ 1895లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు వెళ్ళి శామ్యూల్ ప్రెస్కాట్ అనే యువ శాస్త్రవేత్తను కలుసుకున్నాడు. వారిద్దరూ మొదట పరిశీలించినవి సముద్రపు సరుకులే: గుల్లచేపలు, లాబ్‌స్టర్లు. కొన్ని సూక్ష్మజీవులు గట్టి కవచం గల బీజాలుగా మారి మరిగే నీటి వేడిని తట్టుకుంటాయనీ, వాటిని చంపాలంటే ఉష్ణోగ్రతను, సమయాన్ని రెండింటినీ కొలిచి నిర్ణయించాలనీ వారు తేల్చారు. డబ్బా నడిబొడ్డున ఉన్న ముక్క ఎంత వేడెక్కిందన్నదే అసలు ప్రశ్న అన్న గ్రహింపు పరిశ్రమకు దీనితో కలిగింది.

1919, 1920 సంవత్సరాలలో అమెరికాలో డబ్బా ఆలివ్ కాయల వల్ల బొటులిజం అనే విషప్రభావానికి కొందరు మరణించడంతో కాలిఫోర్నియాలో పరిశోధన ముమ్మరమైంది. ఆ విషాన్ని పుట్టించే బీజాల వేడి ఓర్పును ఎస్టీ, మేయర్ అనే శాస్త్రవేత్తలు 1922లో కొలిచారు. అంతకు రెండేళ్ళ ముందు బిగెలో బృందం డబ్బా మధ్యలోకి వేడి చేరే తీరును గీతల రూపంలో లెక్కించే విధానాన్ని ప్రకటించగా, 1923లో చార్లెస్ ఓలిన్ బాల్ దానిని గణిత సూత్రంగా మలిచాడు. ఈ కృషి సారాంశం ఇది: డబ్బాలో అన్నిటికంటే ఆలస్యంగా వేడెక్కే చోటు 121.1 డిగ్రీల వద్ద కనీసం 3 నిమిషాలు ఉన్నదానికి సమానమైన వేడిని పొందాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే కావలసిన కాలం పది రెట్లు పెరుగుతుంది. ఈ నియమాన్ని వెనక్కు అన్వయించి చూస్తే పాత తొట్ల రహస్యం విడిపోతుంది. 121 డిగ్రీల వద్ద 3 నిమిషాలలో ముగిసే పనికి 100 డిగ్రీల వద్ద ఆరు గంటలు దాటుతుంది. బాల్టిమోర్ పనివారు అనుభవం మీద పాటించిన ఐదారు గంటల వ్యవధి ఈ సంఖ్యకు ఆశ్చర్యపరచేంత దగ్గరగా ఉంది. శాస్త్రం తెలియని ఆ పనివారు తప్పు చేయలేదు. హెచ్చు వేడి అందుబాటులో లేని లోటును కాలంతో పూడ్చారు, ఆ కాలమంతా ఇంధనం కాలింది.

డబ్బా ఆకారానికి కూడా ఈ లెక్కలో చోటు ఉంది. గట్టిగా పేర్చిన చేప ముక్కలలోకి వేడి అంగుళం అంగుళంగా పాకుతుంది. మందం రెండింతలైతే అందుకు పట్టే కాలం సుమారు నాలుగింతలవుతుంది. బల్లపరుపుగా ఉండే సార్డీన్ డబ్బా చేపల వరుసకు తగినట్టు రూపుదిద్దుకున్నదే అయినా, ఎత్తైన గుండ్రటి డబ్బా కంటే చాలా త్వరగా నడిమి దాకా వేడెక్కే గుణం దానికి సహజంగానే అబ్బింది.

చేప జాతిని బట్టి కూడా నిప్పు ఖర్చు మారింది. పసిఫిక్ తీరంలో 1860లలో మొదలైన సాల్మన్ క్యానరీలు పచ్చి చేపనే కోసి డబ్బాలో కుక్కి, మూసి, డబ్బాలోనే ఉడికించేవి. ట్యూనా విషయం వేరు. 1903లో కాలిఫోర్నియాలోని సాన్ పెద్రో రేవులో ఆల్బర్ట్ హాఫ్‌హిల్ ఆల్బకోర్ అనే ట్యూనా జాతి చేపను ముందుగా ఆవిరిలో ఉడికిస్తే దానిలోని నూనె కారిపోయి మాంసం తెల్లబడి కోడిమాంసం వంటి రుచి వస్తుందని కనుగొన్నాడు. అమెరికన్ల వంటగదిలోకి ట్యూనాను తెచ్చినది ఆ తెల్లదనమే. కాని అప్పటినుంచి ట్యూనాను రెండుసార్లు ఉడికించడం ఆనవాయితీ అయింది. పెద్ద చేపను వెన్నెముక దాకా వేడిచేసి, గంటల తరబడి చల్లార్చి, చర్మం, ఎముకలు, నల్లమాంసం తీసి పారవేసి, మిగిలిన భాగాన్ని డబ్బాలో పెట్టి మళ్ళీ 115 నుంచి 121 డిగ్రీలకు తేవాలి. తినని భాగానికి కూడా మొదటి వేడి అందుతుంది, అందిన వేడి చల్లార్పులో పోతుంది. నేటికీ ట్యూనా కర్మాగారాల ఆవిరి ఖర్చులో ముందు ఉడికింపు ప్రధాన భాగంగా ఉండడానికి 1903 నాటి ఆ రుచి నిర్ణయమే మూలం.

కాలిఫోర్నియాలోనే మాంటెరే పట్టణపు చరిత్ర మరొక పాఠం చెబుతుంది. ఫ్రాంక్ బూత్, నార్వే నుంచి వచ్చిన క్నూట్ హోవ్‌డెన్ వంటి వారి చొరవతో 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో అక్కడ సార్డీన్ క్యానరీలు వరుసగా వెలిశాయి. చేపల పడవలు వచ్చినప్పుడే పని. ఒక్కో క్యానరీ తన ప్రత్యేకమైన కూతతో కార్మికులను అర్ధరాత్రి అయినా పిలిచేది. శీతల గిడ్డంగులు లేని కాలంలో ఇది తప్పనిసరి. దీని ఫలితాన్ని బాయిలర్ గదిలో చూడాలి: చేప ఎప్పుడు వస్తుందో తెలియదు కనుక ఆవిరి సిద్ధంగా ఉంచాలి, పని లేని వేళల్లో కూడా బాయిలరు వేడి చల్లారకూడదు. ఇదే అనిశ్చితి ఫ్రాన్సులో దువార్నెనే పట్టణపు క్యానరీ మహిళలను రాత్రింబవళ్ళు పనిలో నిలబెట్టింది. గంటకు 80 సెంతీములకు మరిగే నూనె, ఆవిరి పొగల మధ్య పనిచేసిన ఆ స్త్రీలు 1924 నవంబరులో సమ్మెకు దిగి 1925 జనవరిలో గంటకు ఒక ఫ్రాంకు సాధించారు. కర్మాగారం వృథా చేసిన వేడిని మొదట భరించినవి వారి శరీరాలే. ఇంధన చరిత్ర రాసేవారు ఆ సంగతిని విస్మరించడం న్యాయం కాదు.

మాంటెరేలో డబ్బాల కంటే లాభసాటి వ్యాపారం మరొకటి పెరిగింది. చేపను ఉడికించి, పిండి, పెద్ద గొట్టాల వంటి డ్రమ్ములలో వేడిగాలితో ఆరబెట్టి కోళ్ళ మేతకు, ఎరువుకు పొడిగా, పరిశ్రమలకు నూనెగా మార్చేవారు. మొదట తలలు, పేగుల కోసం పుట్టిన ఈ ఏర్పాటు క్రమంగా తినదగిన నిండు చేపనే మింగడం మొదలుపెట్టింది. చేప శరీరంలో మూడింట రెండు వంతులకు పైగా నీరే కనుక, మనుషులకు తిండి కాగల చేపను ఇంధనం కాల్చి కోళ్ళ తిండిగా ఎండబెట్టడం అప్పటికే అందరి కళ్ళెదుట ఉన్న దుబారా. 1936–37లో కాలిఫోర్నియా సార్డీన్ పట్టుబడి 7 లక్షల టన్నులు దాటింది. పదిహేనేళ్ళు తిరగకుండానే, సముద్రపు ఉష్ణోగ్రతల మార్పులూ మితిమీరిన వేటా కలిసి ఆ సంపదను కూల్చాయి. హోవ్‌డెన్ క్యానరీ 1973లో మూతపడింది. ఆ స్థలంలోనే 1984లో మాంటెరే బే అక్వేరియం తెరుచుకుంది.

క్యానరీల యజమానులు బాయిలర్ గదిని నిజంగా పరిశీలించినది ఆ 1973లోనే మొదలైన చమురు సంక్షోభంలో. కొద్ది నెలలలో పీపా ధర సుమారు 3 డాలర్ల నుంచి 12 డాలర్ల దరిదాపులకు చేరడంతో, అర్ధ శతాబ్దం పాటు చవక చమురు కప్పిపుచ్చిన లోపాలు ఖాతాపుస్తకాలలో కనబడసాగాయి. 25 డిగ్రీల నీటిని మరిగే స్థాయికి తేవడానికి కిలోకు సుమారు 314 కిలోజౌళ్ళ వేడి చాలు. అదే నీటిని ఆవిరిగా మార్చడానికి మరో 2,257 కిలోజౌళ్ళు కావాలి. ఉష్ణోగ్రత పెరగకుండానే నీరు ఇముడ్చుకునే ఈ వేడిని గుప్తోష్ణం అంటారు. కనుక అతుకుల దగ్గర బుసకొట్టే ఆవిరి పోతే మరిగే నీరు పోయినట్టు కాదు. అందులో పెట్టిన వేడికి ఏడింతలకు పైబడిన వేడి అదనంగా పోయినట్టు. రిటార్ట్‌లో పని ముగించి నీరుగా మారిన ఆవిరిని మురుగు కాలువలోకి వదలకుండా మళ్ళీ బాయిలరుకు చేర్చడం, గొట్టాలకు, పాత్రలకు ఉష్ణరోధక కవచం తొడగడం, డబ్బాలను చల్లార్చిన నీటి వేడిని కడుగుడుకు వాడుకోవడం వంటి చిన్న మరమ్మతులకు అప్పుడు విలువ వచ్చింది. బాయిలరులోకి పోయే నీరు 6 డిగ్రీలు అదనంగా వేడిగా ఉంటే ఇంధనం సుమారు ఒక శాతం ఆదా అవుతుందన్నది ఆ రంగంలో స్థిరపడిన అంచనా.

రిటార్ట్ లోపల ఒక చిక్కు మాత్రం మిగిలింది. డబ్బాల మధ్య గాలి చిక్కుకుంటే ఆ చోట వేడి సరిగా అందదు కనుక, మొదటి కొన్ని నిమిషాలు కవాటాలు తెరచి ఆవిరిని ధారాళంగా పంపి గాలిని తరిమేవారు. ప్రాణభద్రత కోసం చేసే ఈ పనిలో చాలా ఆవిరి వృథా అయ్యేది. 1970ల నుంచి వ్యాప్తిలోకి వచ్చిన వేడినీటి జల్లు పాత్రలు, ఫ్యానుతో ఆవిరిని గాలితో సమంగా కలిపే పాత్రలు ఆ అవసరాన్ని తప్పించాయి; జల్లు పాత్రలో అదే నీరు తిరిగి తిరిగి వాడబడుతుంది. అంతకు ముందే ఫ్రాన్సులో రూపొందిన ఎత్తైన నీటిస్తంభాల యంత్రం మరింత తెలివైనది: డబ్బాలు గొలుసు మీద ఆగకుండా కదులుతూ ఒక స్తంభంలో క్రమంగా వేడెక్కి, ఆవిరి గదిని దాటి, మరో స్తంభంలో క్రమంగా చల్లారుతాయి, పాత్రను ప్రతి విడతకూ మొదటినుంచి వేడిచేసే అవసరమే ఉండదు. అయితే అది ఒకే కొలత డబ్బాలను రోజంతా నింపగల పెద్ద కర్మాగారాలకే సరిపోతుంది.

బాయిలరును ఎంత బాగుచేసినా క్యానరీ కర్బన భారంలో పెద్ద వాటా గేటు బయటే పుడుతుందని తెలియడానికి మరికొంత కాలం పట్టింది. స్పెయిన్‌లోని గలీషియా ప్రాంతంలో ట్యూనా క్యానింగ్ మీద 2006లో వెలువడిన జీవితచక్ర అధ్యయనం, అనగా ఒక వస్తువు పుట్టుక మొదలు పారవేత దాకా పర్యావరణ భారాన్ని కూడే లెక్క, డబ్బా రేకు తయారీని ప్రధాన కారణాలలో ఒకటిగా చూపింది. చేపను వండే నిప్పు గురించి శతాబ్దంన్నర ఆలోచించిన పరిశ్రమ, ఆ చేపను మోసే రేకును కరిగించిన కొలిమి గురించి అంతగా ఆలోచించలేదు. తగరం మాత్రం యుద్ధం వల్ల పొదుపైంది: 1942లో మలయా జపాను చేతిలోకి పోయి తగరం కొరత ఏర్పడగా, ముంచి పూసే పాత పద్ధతి స్థానంలో విద్యుత్తుతో పలుచని పూత వేసే పద్ధతి ఊపందుకుని తగరం వాడకాన్ని సగానికి మించి తగ్గించింది. అల్యూమినియం కథ ఇంకా సూక్ష్మమైనది. ఖనిజం నుంచి కిలో అల్యూమినియం తీయడానికి సుమారు 13 నుంచి 15 యూనిట్ల విద్యుత్తు కావాలి; వాడిన డబ్బాను కరిగించి తిరిగి వాడితే ఆ శక్తిలో 95 శాతం దాకా మిగులుతుంది. జలవిద్యుత్తు పుష్కలంగా ఉన్న నార్వే రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలోనే సార్డీన్లకు అల్యూమినియం డబ్బాలు వాడడానికి, బొగ్గు విద్యుత్తు దేశాలు అదే లోహాన్ని వాడడానికి మధ్య కర్బన లెక్కలో పోలికే లేదు.

భారతదేశంలో ఈ పరిశ్రమకు రేకు ధరే అడ్డుపడింది. కేరళ తీరంలో 1960లలో రొయ్యలు, కవళ్ళను డబ్బాల్లో పెట్టి ఎగుమతి చేసిన కర్మాగారాలు దిగుమతి రేకు భారం తట్టుకోలేక క్రమంగా గడ్డకట్టించే పద్ధతికి మారిపోయాయి. 1957లో ఏర్పడి కొచ్చి కేంద్రంగా, విశాఖపట్నంలోనూ పరిశోధన కేంద్రంతో పనిచేస్తున్న కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ దీనికి బదులుగా వేడిని తట్టుకునే పలుచని పొరల సంచులలో చేపల కూరను నిలవచేసే పద్ధతిని వృద్ధిచేసింది. సంచి పలుచగా పరుచుకుంటుంది కనుక నడిమి దాకా వేడి త్వరగా చేరుతుంది; సార్డీన్ డబ్బాకు అనుకోకుండా అబ్బిన గుణమే ఇక్కడ ఉద్దేశపూర్వకంగా వచ్చింది. రేకు భారం పోయింది, రవాణా బరువు తగ్గింది. కాని పొరలు అతుక్కుని ఉండే ఆ సంచిని రేకు డబ్బాలా కరిగించి తిరిగి వాడడం కష్టం.

ఆంధ్ర తీరపు రొయ్యల ఎగుమతి పూర్తిగా గడ్డకట్టించడం మీదనే పెరిగింది. ఆ దారిలో కర్మాగారం నుంచి విదేశీ వంటగది దాకా ప్రతి గంటా చలి కోసం విద్యుత్తు కాలుతూనే ఉండాలి. డబ్బాకు, సంచికి ఒక్కసారి వేడి చూపిస్తే తరువాత ఏళ్ళ తరబడి అరమీద ఊరికే ఉంటాయి. ఈ రెంటినీ కర్మాగారం గోడల మధ్య కొలిస్తే ఒక ఫలితం, నిలవ ఉన్న కాలమంతటా కొలిస్తే మరొక ఫలితం వస్తుంది. రేకు మందం, విద్యుత్తు మూలం, నిలవ నెలలు మూడింటినీ కలిపి చూడని తీర్పు నమ్మదగినది కాదు.

ట్యూనా కర్మాగారాలలో చలీ వేడీ రెండూ ఒకే ఆవరణలో ఉంటాయి. సముద్రం నుంచి గడ్డకట్టి వచ్చిన చేపను నిలవ ఉంచే గిడ్డంగిలో అమ్మోనియా యంత్రాలు వేడిని లాగి శీతలీకరణ గోపురం ద్వారా ఆకాశంలోకి వదులుతుండగా, పక్క గదిలో బాయిలరు చన్నీటిని వేడిచేయడానికి ఇంధనం కాల్చడం దశాబ్దాలుగా సాగిన ఏర్పాటు. ఆ వేడిని ఉష్ణవినిమయ పాత్ర ద్వారా, లేదా దానిని మరికొంత హెచ్చించే హీట్‌పంపు ద్వారా బాయిలరు నీటికి, డబ్బాల కడుగుడుకు, గడ్డకట్టిన చేపను కరిగించే తొట్లకు అందించడం సాధ్యమే. రిటార్ట్‌కు కావలసిన 121 డిగ్రీలు మాత్రం ఇప్పటికీ చాలాచోట్ల చమురు, వాయువు, బొగ్గు నుంచే వస్తున్నాయి.